మంత్రి రాని ప్రమాదం

2025 జూన్ 30, సోమవారం ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతం. సంగారెడ్డి జిల్లా పాశమైలారం పారిశ్రామికవాడలోని సిగాచి ఇండస్ట్రీస్‌లో పేలుడు జరిగింది. మందు బిళ్లల తయారీలో వాడే సెల్యులోజ్ పొడిని ఆరబెట్టే విభాగం భవనంతో సహా కుప్పకూలింది. 46 మంది మరణాలు నిర్ధారణ అయ్యాయి. మరో 8 మంది ఆనవాళ్లే దొరకలేదు. బిహార్, ఒడిశా, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్, ఆంధ్ర నుంచి వచ్చిన కుటుంబాలు పటాన్‌చెరు ఏరియా ఆసుపత్రి దగ్గర డీఎన్‌ఏ ఫలితాల కోసం రోజుల తరబడి ఎదురుచూశాయి.

మర్నాడు ముఖ్యమంత్రి వచ్చారు. మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున, తీవ్రంగా గాయపడినవారికి 10 లక్షలు, తక్కువ గాయాలైనవారికి 5 లక్షలు అందేలా చూస్తామన్నారు. ప్రధానమంత్రి సహాయ నిధి నుంచి మృతుల కుటుంబాలకు 2 లక్షలు ప్రకటించారు. కంపెనీ కూడా కోటి రూపాయల మాట చెప్పింది.

ఇప్పుడు అదే వారం, అదే వాడలో, ఏదో చిన్న షెడ్డులో ప్రెస్ మిషన్ కింద బొటనవేలు పోగొట్టుకున్న పాతికేళ్ల కుర్రాడిని ఊహించుకోండి. నెల జీతం 15,000. అతని కోసం ముఖ్యమంత్రి రాడు, కలెక్టర్ రాడు, టీవీలో ఒక్క లైను కూడా రాదు. సూపర్‌వైజర్ వచ్చి ఆసుపత్రి బిల్లు కట్టి, చేతిలో కొంత డబ్బు పెట్టి, "కేసు గీసు ఎందుకు తమ్మీ, మేమే చూసుకుంటం" అంటాడు. కుర్రాడు తల ఊపుతాడు. ఆ షెడ్డు ఈఎస్‌ఐ కిందికి రాకపోతే, 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం లెక్కలో అతనికి రావాల్సింది 5,85,657 రూపాయలు. ఆ అంకె అతనికి తెలియదు. తెలిసినవాళ్లు చెప్పరు.

ఈ అధ్యాయం ఆ కుర్రాడి కోసం. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పట్టీలో ప్రమాదం జరిగిన ప్రతిసారీ ప్రకటన రాదు. హక్కు మాత్రం ప్రతిసారీ ఉంటుంది. ప్రకటన ఇచ్చేవాళ్ల మనసును బట్టి వస్తుంది, హక్కు మీ దగ్గరున్న రుజువును బట్టి వస్తుంది. ఆ రుజువులో ముప్పాతిక భాగం ప్రమాదానికి ముందే తయారై ఉండాలి.

1. డబ్బు ఏ ఆఫీసు నుంచి రావాలో తెలుసుకోండి

"పరిహారం" అని అందరం ఒకే మాట అంటాం. నిజానికి అది నాలుగైదు చోట్ల నుంచి వచ్చే వేర్వేరు డబ్బు. ఒక్కోదానికి ఒక్కో ఆఫీసు, ఒక్కో అర్జీ.

ఈఎస్‌ఐ: మీ పే స్లిప్ తీసి చూడండి. ఈఎస్‌ఐ పేరుతో 0.75 శాతం కోత ఉందా? 15,000 జీతానికి అది 113 రూపాయలు. యాజమాన్యం దానికి 3.25 శాతం కలిపి కట్టాలి. నెల జీతం 21,000 దాకా ఉన్నవాళ్లు దీని కిందికి వస్తారు. పనిలో గాయమై ఇంట్లో ఉంటే రోజు కూలీలో 90 శాతం చొప్పున ఇస్తారు. శాశ్వత వైకల్యం మిగిలితే దాని శాతాన్ని బట్టి జీవితాంతం నెలనెలా వస్తుంది. మనిషి పోతే కుటుంబానికి నెలనెలా ఆధారం. పూర్తి రేటు 90 శాతం అనుకుంటే, అందులో భార్యకు అయిదింట మూడు వంతులు, ఒక్కో బిడ్డకు అయిదింట రెండు వంతులు. అందరి వాటాలూ కలిపి పూర్తి రేటు దాటితే దామాషాలో తగ్గిస్తారు. అంత్యక్రియలకు 15,000 దాకా వేరే. మామూలు జబ్బుకైతే ఇన్ని రోజులు చందా కట్టి ఉండాలన్న షరతు ఉంది. పనిలో గాయానికి ఆ షరతు లేదు, చేరిన మొదటి రోజే ప్రమాదం జరిగినా హక్కు ఉంటుంది.

ఉద్యోగుల నష్టపరిహారం: ఈఎస్‌ఐ కిందికి రానివాళ్లకు ఇది. డబ్బు యజమాని ఇవ్వాలి, తీర్పు కార్మిక శాఖలో కమిషనర్ హోదా ఉన్న అధికారి ఇస్తారు. ఈఎస్‌ఐ ఉన్నవాళ్లు అదే గాయానికి దీన్ని అడగలేరు. రెండింట్లో ఒకటే. 2025 నవంబరు 21 నుంచి ఈ చట్టం స్థానంలో సామాజిక భద్రతా స్మృతి వచ్చింది. ప్రధాన సూత్రాలు అవే. ఇంటి నుంచి పనికి వచ్చే దారిలో జరిగిన ప్రమాదాన్ని కూడా, పనికీ దానికీ సంబంధం కనిపిస్తే, పనిలో ప్రమాదంగానే చూడాలని ఆ స్మృతి స్పష్టంగా రాసింది. తెల్లవారుజామున ముంబై హైవే మీద బండి మీద షిఫ్ట్‌కు వచ్చేవాళ్లు ఈ వాక్యం గుర్తుపెట్టుకోవాలి.

పీఎఫ్: ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే, పోయింది ఫ్యాక్టరీలోనైనా ఇంట్లోనైనా, పీఎఫ్ ఖాతాకు జోడించిన బీమా కింద గరిష్ఠంగా 7 లక్షల దాకా వస్తుంది. దీనికి కార్మికుడు పైసా కట్టడు, ప్రీమియం యజమానిదే. ఖాతాలోని సొమ్ము, కుటుంబ పింఛను దీనికి అదనం.

బ్యాంకు బీమా: ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనకు ఏడాదికి 20 రూపాయలు ఖాతాలోంచి కోస్తారు. ప్రమాదంలో పోతే 2 లక్షలు. 436 రూపాయల జీవన్ జ్యోతికి ఏ కారణంతో పోయినా 2 లక్షలు. పాస్ బుక్‌లో ఈ కోతలు కనిపిస్తున్నా, క్లెయిమ్ అడగాలని తెలియని కుటుంబాలు చాలా ఉన్నాయి.

ఇక ప్రకటించిన ఎక్స్‌గ్రేషియా. అది వస్తే తీసుకోండి. ఒక్క ప్రశ్న మాత్రం రాతపూర్వకంగా అడగండి: ఈ మొత్తంలో ఈఎస్‌ఐ, పీఎఫ్, బీమా డబ్బులు కలిపి చెబుతున్నారా, వాటికి ఇది అదనమా? పెద్ద అంకె విన్నప్పుడు ఈ ప్రశ్న అడగాలని ఎవరికీ తట్టదు. నెలలు గడిచాక గొడవంతా దీని దగ్గరే వస్తుంది.

గేటు బయట ఉన్నవాళ్ల సంగతి వేరు. 2020 మే 7న విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. ఆర్‌ఆర్ వెంకటాపురం ఊరివాళ్లు ఆ కంపెనీ ఉద్యోగులు కారు. అలాంటివాళ్ల కోసమే భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత, 1991లో ప్రజా బాధ్యత బీమా చట్టం వచ్చింది. ప్రమాదకర రసాయనాలు వాడే సంస్థ ఈ బీమా తీసుకోవాలి. తప్పెవరిదో రుజువు చేయాల్సిన పని లేకుండా బాధితులు కలెక్టర్‌కు అర్జీ పెట్టుకోవచ్చు, గడువు అయిదేళ్లు. కార్మికులు దీని కిందికి రారు. ఫ్యాక్టరీ గోడ పక్కనే టీ కొట్టు నడిపే మనిషి వస్తాడు.

2. లెక్క మీరే వేయండి

బేరానికి కూర్చునే ముందు అంకె మీ దగ్గర ఉండాలి. 1923 చట్టం లెక్క ఎవరైనా వేయగలిగేదే. నెల జీతం, వయసును బట్టి చట్టం ఇచ్చిన గుణకం, మరణమైతే సగం, పూర్తి వైకల్యమైతే 60 శాతం. 2020 జనవరి నుంచి ఈ లెక్కకు తీసుకునే జీతం పరిమితి నెలకు 15,000. మీ జీతం 24,000 ఉన్నా లెక్క 15,000 మీదే.

ముప్పై ఏళ్ల మనిషి పనిలో పోయాడనుకుందాం. గుణకం 207.98. జీతంలో సగం 7,500. రెండూ గుణిస్తే 15,59,850 రూపాయలు. నలభై ఏళ్లవాడికి గుణకం 184.17, మొత్తం 13,81,275. వయసు పెరిగేకొద్దీ గుణకం తగ్గుతుంది, ఎందుకంటే చట్టం దృష్టిలో పోయింది ఇంకా సంపాదించగలిగిన ఏళ్లు. అందుకే ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పుగా ఉంటే ఇక్కడ డబ్బు రూపంలో నష్టం.

అవయవం పోతే షెడ్యూల్‌లో శాతాలు ఉన్నాయి. బొటనవేలికి 30, చూపుడు వేలు మొత్తానికి 14, ఒక కన్నుకు 40. మన ప్రెస్ షాపు కుర్రాడి లెక్క ఇలా వచ్చింది: 15,000లో 60 శాతం 9,000. పాతికేళ్ల గుణకం 216.91తో గుణిస్తే 19,52,190. అందులో 30 శాతం 5,85,657.

వైద్య ఖర్చులు దీనికి అదనం. చెల్లించాల్సిన తేదీ నుంచి నెలలోపు ఇవ్వకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ పడుతుంది. సరైన కారణం లేకుండా ఆలస్యం చేశారని తేలితే అసలులో సగం దాకా జరిమానా కూడా వేయవచ్చు. ఇకముందు జరిగే ప్రమాదానికి, ఆ తేదీన అమల్లో ఉన్న జీతం పరిమితి ఎంతో లేబర్ ఆఫీసులో అడిగి ఇదే పద్ధతిలో వేసుకోండి.

3. ఒక కవరు సిద్ధంగా ఉంచండి

సిగాచి విషయంలో లోపల ఎంతమంది ఉన్నారు, ఎవరి ఆచూకీ లేదు అన్న లెక్క మొదటి రోజుల్లో మారుతూనే వచ్చింది. శరీరం దొరకని మనిషి విషయంలో మామూలు చట్టం ఏడేళ్లు ఆగమంటుంది. ప్రభుత్వం ప్రత్యేకంగా నిర్ణయం తీసుకుంటే తప్ప ఆ కుటుంబం కదలలేదు. ఆ ఉదయం మనిషి గేటు లోపలికి వెళ్లాడని చూపించే ఒక్క కాగితం, ఒక్క ఫొటో అప్పుడు ఎంత విలువైనదో ఆలోచించండి.

కాబట్టి కవరులో ఇవి ఉండాలి: గేట్ పాస్ లేదా ఐడీ కార్డు జిరాక్సు. ఇటీవలి ఆరు నెలల పే స్లిప్పులు. జీతం చేతికి ఇస్తుంటే కాంట్రాక్టర్ పేరు, ఫోన్ నంబరు, ఇచ్చిన తేదీలు రాసిన కాగితం. ఈఎస్‌ఐ నంబరు, పీఎఫ్ యూఏఎన్. బ్యాంకు పాస్ బుక్ మొదటి పేజీ. కుటుంబ సభ్యుల ఆధార్ కార్డులు. పెళ్లి రుజువు, పిల్లల పుట్టిన తేదీల పత్రాలు.

అసలైన కవరు ఊళ్లో భార్య దగ్గరో తల్లి దగ్గరో ఉండాలి. పాశమైలారం గదిలో ట్రంకు పెట్టెలో ఉన్న కవరు కుటుంబానికి చేరేసరికి ఆలస్యమవుతుంది. ఫోన్‌లో ఫొటోలు తీసి ఇంటికి పంపండి. రోజూ షిఫ్ట్‌కు ముందు, "ఏ–షిఫ్ట్, ఫలానా కంపెనీ" అని ఇంటికి ఒక చిన్న మెసేజ్ పెట్టడం అలవాటు చేసుకోండి. పది సెకన్ల పని. అవసరమైన రోజున అదే హాజరు పుస్తకం.

నామినీ పేరు సరిచూడండి. పెళ్లికి ముందు తండ్రి పేరు రాసి, తర్వాత మార్చని పీఎఫ్ ఖాతాలు ఎన్నో ఉంటాయి. ఆ పని ఆన్‌లైన్‌లోనే అవుతుంది.

4. మొదటి రెండు రోజులు

ఇంట్లో శవం ఉండగా డబ్బు మాట ఎత్తడం మనవాళ్లకు సిగ్గు. ఆ సిగ్గు సహజం. దానికి ఒకటే మార్గం: పని పంచుకోవడం. భార్యను, తల్లిని వాళ్ల దుఃఖంతో ఉండనివ్వండి. బావమరిదో, చిన్నాన్నో, చదువుకున్న మేనల్లుడో ఒకరు కాగితాల బాధ్యత తీసుకోవాలి. ఆ ఒక్కరి పేరు కుటుంబం అంతా ఒప్పుకోవాలి. నలుగురు నాలుగు ఆఫీసుల్లో నాలుగు మాటలు చెబితే ఫైలు అక్కడే ఆగుతుంది.

ఆ మనిషి చేయాల్సినవి ఇవి. పోలీస్ స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ నకలు తీసుకోవాలి. మరణమైతే పంచనామా, శవపరీక్ష నివేదిక అడగాలి. గాయమైతే ఆసుపత్రి చీటీలో "పనిలో మిషన్ వల్ల" అని స్పష్టంగా రాయించాలి. కంపెనీ ప్రమాద పుస్తకంలో నమోదు చేసిందో లేదో, ఈఎస్‌ఐకి ప్రమాద నివేదిక పంపిందో లేదో అడగాలి. పక్కన పనిచేసిన ఇద్దరి పేర్లు, నంబర్లు రాసుకోవాలి. వాళ్లు వచ్చే నెల వేరే కాంట్రాక్టర్ దగ్గరికి వెళ్లిపోవచ్చు.

ఇక్కడ ఒక పాత ఎత్తు ఉంది, జాగ్రత్త. "బండి మీంచి పడ్డానని చెప్పు, ఆసుపత్రిలో తొందరగా చేర్చుకుంటరు" అంటారు. లేదా గాయాన్ని మామూలు సిక్ లీవ్‌గా రాస్తారు. ఈఎస్‌ఐలో జబ్బు కింద వచ్చేది 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా. పనిలో గాయం కింద వచ్చేది 90 శాతం, కోలుకునే దాకా, ఆ తర్వాత వైకల్యం మిగిలితే పింఛను. మొదటి రోజు డాక్టర్ ముందు చెప్పిన ఆ ఒక్క అబద్ధం మీ జీవితకాలపు పింఛనును తుడిచేస్తుంది. నొప్పితో ఉన్నా, మందు మత్తులో ఉన్నా, కారణం నిజమే చెప్పండి.

5. సంతకం ముందు ఆగండి

"ఇకపై నాకు ఎలాంటి క్లెయిమ్ లేదు" అని స్టాంపు కాగితం మీద రాయించుకోవడం ఈ పట్టీలో మామూలే. చట్టం ఈ విషయంలో కార్మికుడి పక్షమే. నష్టపరిహారపు హక్కును వదులుకుంటూ రాసే ఒప్పందం చెల్లదు. మనిషి చనిపోతే యజమాని పరిహారాన్ని కమిషనర్ దగ్గరే జమ చేయాలి. నేరుగా కుటుంబం చేతికిస్తే, మూడు నెలల జీతం దాకా ఇచ్చిన అడ్వాన్సు తప్ప, అది పరిహారం చెల్లించినట్టు లెక్కలోకి రాదు. చేతిలో డబ్బు పెట్టి ఫొటో తీయించుకున్నా యజమాని బాధ్యత తీరదు.

అయినా ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. చెల్లదని కోర్టులో నిరూపించడానికి కూడా ఏళ్లు పడుతుంది. ఎవరైనా తొందర పెడితే ఒక్క మాట చాలు: "చదివించుకొని రేపు చెప్తం సార్." మర్యాదగా చెప్పండి, గొడవ పడకండి. తొందర వాళ్లదే, అర్జీ పెట్టడానికి మీకు రెండేళ్ల గడువు ఉంది.

తాగి ఉన్నాడు, హెల్మెట్ పెట్టుకోలేదు అంటూ హక్కు లేదని భయపెడతారు. పూర్తి వైకల్యం దాకా పోని గాయాల విషయంలో ఆ వాదనకు చోటుంది. మరణం, శాశ్వత పూర్తి వైకల్యం జరిగినప్పుడు ఆ సాకుతో యజమాని తప్పించుకోలేడు.

6. కాంట్రాక్టర్ ఫోన్ ఎత్తకపోతే

ఫ్యాక్టరీ బోర్డు మీద ఒక పేరు, జీతం ఇచ్చేది మరో పేరు. ప్రమాదం తర్వాత రెండో పేరు మాయమవుతుంది. భయపడకండి. తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టర్ చేత చేయించుకున్న అసలు సంస్థే మొదట పరిహారం చెల్లించాలి, తర్వాత కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకోవచ్చు. కాబట్టి అర్జీలో ఇద్దరి పేర్లూ రాయండి.

రెండో భయం దూరం. ఒడిశాలోనో బిహార్‌లోనో ఉన్న భార్య వాయిదా వాయిదాకూ సంగారెడ్డి రాలేదు. రానక్కర్లేదు. ప్రమాదం జరిగిన చోటే కాకుండా, ఆధారపడినవాళ్లు నివసించే చోట కూడా కేసు వేయవచ్చని 1923 చట్టం చెప్పింది. మన శ్రీకాకుళం, పాలమూరు మనుషులు ముంబైలోనో సూరత్‌లోనో ప్రమాదానికి గురైతే ఇదే నియమం వాళ్ల కుటుంబాలకూ పనికొస్తుంది.

మూడో భయం లాయర్ ఫీజు. పారిశ్రామిక కార్మికుడికి, మహిళకు, పారిశ్రామిక విపత్తు బాధితుడికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 చట్టం చెబుతుంది. జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. వచ్చిన డబ్బులో మూడో వంతు అడిగే దళారీతో పని లేదు.

7. మీరు టేబుల్‌కు అవతల ఉంటే

ఈ పుస్తకం చదివేవాళ్లలో హెచ్‌ఆర్ ఉద్యోగులు, సేఫ్టీ ఆఫీసర్లు, చిన్న యూనిట్ యజమానులు కూడా ఉంటారు. మీకు మూడు మాటలు.

బీమా పాలసీలో కాంట్రాక్టు కార్మికులను చేర్చారో లేదో ఈ రోజే చూడండి. ప్రీమియం తగ్గుతుందని మనుషుల సంఖ్య, జీతాలు తగ్గించి చూపితే క్లెయిమ్ రోజున బీమా కంపెనీ కూడా అదే నిష్పత్తిలో తగ్గించి ఇస్తుంది. మిగతాది మీ జేబులోంచే.

ప్రమాదాన్ని దాచకండి. ఆలస్యానికి పడే వడ్డీ బీమా భరించవచ్చు, జరిమానా మాత్రం భరించదు. దాచిన ప్రతి వారం మీ ఖర్చే పెరుగుతుంది.

ప్రతి షిఫ్ట్‌లో లోపలికి వెళ్లినవాళ్ల జాబితా భవనం బయట, గేటు దగ్గర లేదా ఆన్‌లైన్‌లో ఇంకో నకలుగా ఉండాలి. భవనమే కూలితే లోపలి రిజిస్టర్ ఎవరికీ ఉపయోగపడదు.

ఈ వారం చేయాల్సిన పని

సోమవారం: పే స్లిప్ చూసి మీరు ఈఎస్‌ఐ కిందున్నారో, ఉద్యోగుల నష్టపరిహారం కిందున్నారో తేల్చుకోండి. కోత ఉంటే ఆ డబ్బు నిజంగా జమ అవుతోందో ఉమంగ్ యాప్‌లో చూడండి.

మంగళవారం: పీఎఫ్ నామినీ, ఆధార్‌లో పుట్టిన తేదీ సరిచూడండి.

బుధవారం: బ్యాంకుకు వెళ్లి 20 రూపాయల ప్రమాద బీమా నడుస్తోందో లేదో అడగండి. ఏటా కోసే సమయానికి ఖాతాలో డబ్బు లేకపోతే అది ఆగిపోయి ఉండవచ్చు.

గురువారం: కవరు తయారు చేసి ఇంటికి పంపండి.

శుక్రవారం: ఇంట్లోవాళ్లకు ఫోన్ చేసి నాలుగు ఆఫీసుల పేర్లు చెప్పండి. "అపశకునం మాటలు మాట్లాడకు" అని తిడతారు. తిట్టనివ్వండి, చెప్పాల్సింది పూర్తిగా చెప్పండి. వాళ్లను తిరిగి చెప్పమనండి.

శనివారం: మీ లైన్‌లో పక్కన నిలబడే మనిషికి బొటనవేలి లెక్క వేసి చూపించండి. ఆ అంకె షాపులో పదిమందికి తెలిస్తే, "మేమే చూసుకుంటం" అనే సూపర్‌వైజర్ ఇంకోసారి ఆ మాట అనేముందు ఆలోచిస్తాడు.